వంటమనిషే చంపాడు

ఆ లైబ్రరీలో పుస్తకాలిచ్చే పెద్దాయన కళ్లజోడు ఎప్పుడూ నుదుటి మీదే ఉంటుంది. అది ముక్కు మీదికి దిగిందంటే ఎవరో డిటెక్టివ్ నవల తీశారని అర్థం. అట్టను అటూ ఇటూ తిప్పి, ముద్ర వేస్తూ చల్లగా చెబుతాడు: "ఇందులో చంపింది వంటమనిషే." ఎదుటివాళ్ల మొహం వాడిపోగానే బల్ల కింద నుంచి ఎనభైల నాటి నవల ఒకటి తీసి, చొక్కా అంచుతో తుడిచి చేతిలో పెడతాడు. అద్దె ఇళ్లు, అత్తాకోడళ్లు, ఉద్యోగం ఊడిన గుమాస్తాలు, అన్నీ మనలాంటి వాళ్ల కథలే. ఎవరూ తీసుకెళ్లని పుస్తకాల్ని ఏటా తూకానికి అమ్మేస్తారు మరి. ఆ నవలల్లో ఒక్కదాన్నీ ఆయన ఇంతవరకు తక్కెడ ఎక్కనివ్వలేదు.

మొన్న ఓ నర్సమ్మ మాత్రం మొండికేసి డిటెక్టివ్ నవలే పట్టుకెళ్లింది. వారం తిరక్కుండానే తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఏం బాబాయ్, ఇందులో అసలు వంటమనిషే లేడుగా?" ఆయన తొణకలేదు. "ఉంటే వాడే చంపేవాడమ్మా," అంటూ పాత నవల ఒకటి ముందుకు జరిపాడు. ఆమె దాన్ని అనుమానంగా చూసింది. "దీన్లో చివరికి ఏమవుతుందో అదీ చెప్పెయ్యి." ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. "చెబుదామంటే ఏమీ అవదు తల్లీ. అందుకే చదువుకోవాల్సిందే."