గండం గడిచింది

నిజాం రోజుల్లో ఒకసారి ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి బస్సులో వస్తున్నాను. పక్కన కూర్చున్న రైతు నవ్వుతూ నా చేతిలో బెల్లం ముక్క పెట్టాడు.

నోట్లో వేసుకుని, "ఏంది పటేలా, శుభవార్తా?" అన్నాను.

"గండం గడిచింది."

"పానం బాగలేకుండెనా?"

"నాకేం గాలే. వారం కింద ఆడపిల్ల పుట్టింది. అది బతికితే నాకు ప్రాణగండమని పంతులు చెప్పిండు. పాలియ్యొద్దని ఇంట్ల చెప్పిన. నిన్న పోయింది."

"తల్లి?"

"ఏడుస్తున్నది. నాలుగు రోజులైతే అదే మర్శిపోతది."

బెల్లం కిటికీలోంచి ఉమ్మేశాను.

"తీపి పడదా?" అని అతను మర్యాదగా అడిగాడు.

లేచి, కామారెడ్డి దాకా నిలబడే వచ్చాను. ఇంట్లో ఎవరికి జబ్బు నయమైనా అందరూ అనే ఆ మాట, అప్పటినుంచి నా నోట రాలేదు.