ఊదారంగు చుక్క

ఆ పెన్నుల డబ్బా నేనే కొన్నాను. జనగామ బస్టాండు ఎదుటి పుస్తకాల కొట్టులో, ఊదారంగువి, తడి తగిలినా తొందరగా చెరగనివి. ఎందుకు కొన్నానో చెప్పాలంటే ముందు మా బాపు కొట్టు గురించి చెప్పాలి.

మాది జనగామలో హోల్‌సేల్ కిరాణం. లారీ నుంచి దించిన బస్తాల మీద బాపు రంగు చుక్కలు పెట్టేవాడు. ఎర్ర చుక్క ఉన్న బస్తా స్టేషన్ ఘన్‌పూర్ దుకాణాలకు, పచ్చ చుక్క ఉన్నది రఘునాథపల్లికి. హమాలీలు చుక్క చూసి ఏ బండి బస్తాను ఆ బండిలో వేసేవాళ్లు. అడిగేది లేదు, వెతికేది లేదు. నేను డాక్టరు చదువు చదివి, ఆ తర్వాత పరిశోధనలో పడ్డాక కూడా నా చేతులకు ఆ అలవాటు పోలేదు.

నా పరిశోధన ఒకే ఒక్క ప్రశ్న మీద నడుస్తుంది. హెచ్ఐవీ ఉన్నవాళ్లకు క్యాన్సర్ వస్తే, రేడియేషన్ వాళ్లను మిగతావాళ్లకంటే ఎక్కువగా దెబ్బతీస్తుందా? “వాళ్లు తట్టుకోలేరు” అని ముందే తేల్చేసి డోసు తగ్గించే డాక్టర్లున్నారు, మధ్యలో ఆపేసేవాళ్లున్నారు. సగం వైద్యంతో క్యాన్సర్ తిరగబెడితే “చూశారా, మేం చెప్పలేదా” అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. హెచ్ఐవీ మందులు రోజూ తప్పకుండా వేసుకునేవాళ్లు పూర్తి డోసును తట్టుకోగలరని నా నమ్మకం. నమ్మకం ఉంటే చాలదు, రుజువు కావాలి. అందుకే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు నుంచి మా ఆసుపత్రికి వచ్చే అలాంటి రోగుల్ని, వైద్యం అయిపోయాక కూడా వదలకుండా వెంటపడి చూస్తుంటాను.

మా చుట్టాల్లో ఒక పెద్దమ్మ, “ఇంత చదువు చదివి గా రోగపోళ్ళ ఎంబడి తిరుగుడేంది బిడ్డా?” అని అడిగింది. “మీ ఎంబడి తిరిగితే ఏమొస్తది పెద్దమ్మా?” అన్నాను. అప్పటి నుంచి వాళ్లింటి పెళ్లిళ్లకు నాకు పిలుపు లేదు. పట్టుచీరల ఖర్చు తప్పింది.

నా పరిశోధనలో ఉన్నవాళ్ల ఫైళ్లు బీరువాలో మిగతా వాటి మధ్య చటుక్కున దొరకాలని, అట్ట మీద ఒక మూలన ఊదారంగు చుక్క పెట్టాను. మనిషి పేరు రాయలేదు, రోగం పేరు రాయలేదు. ఉత్త చుక్కే కదా, ఎవరికి ఏం తెలుస్తుందనుకున్నాను. బస్తాలకు కళ్లుండవు, మనుషులకుంటాయి. ఆ మాత్రం తట్టలేదు నాకు.

కురవి దగ్గరి ఒక ఊరి నుంచి ఒకామె వచ్చేది. మిరప చేన్లలో కూలిపని చేసే మనిషి, నాకంటే రెండు మూడేళ్లు పెద్ద. అక్కా అని పిలిచేదాన్ని. ఆమెకు గర్భసంచి ముఖద్వారం దగ్గర క్యాన్సర్. భర్త ద్వారా వచ్చిన హెచ్ఐవీ అంతకు చాలా ముందు నుంచే ఉంది. భర్త పోయాక చెల్లెలి ఇంట్లో ఉంటోంది. క్యాన్సర్ సంగతి చెల్లెలికి తెలుసు, రెండోది తెలియదు. వారంలో ఐదు రోజులు రేడియేషన్, శని ఆదివారాలు ఇల్లు. మూడు వారాలు ఒక్క రోజు కూడా మానలేదు.

నాలుగో వారం మొదలయ్యే సోమవారం నేను భూపాలపల్లిలో ఉన్నాను. బొగ్గుబావిలో పనిచేసి రిటైరైన ఒకాయనను చూడటానికి వెళ్లాను. ఆయనకూ హెచ్ఐవీ ఉంది, గొంతు క్యాన్సర్‌కు రేడియేషన్ పూర్తిగా తీసుకున్నాడు. నా ముందే కూర్చుని ఉడకబెట్టిన మక్కగుడాలు నములుతూ, “రాసుకో బిడ్డా, నమిలి మింగుతున్నడని రాసుకో,” అన్నాడు. నేను సంబరంగా రాసుకుంటుంటే ఆసుపత్రి నుంచి జూనియర్ డాక్టర్ ఫోన్ చేశాడు. కురవి ఆమె పొట్ట మీద చర్మం చిట్లిందట. హెచ్ఐవీ వల్ల రేడియేషన్ తట్టుకోలేకపోతోందని రాసి, మా విభాగం పెద్ద సారు వైద్యం ఆపేసి ఇంటికి పంపేశారట.

“సారు ఆమెను చూశారా?” అని అడిగాను.

“ఫైలు చూశారు మేడమ్,” అన్నాడు.

రేడియేషన్ మధ్యలో ఆగితే, చావకుండా మిగిలిన క్యాన్సర్ కణాలు మళ్లీ పుంజుకుంటాయి. ఆగిన ప్రతి రోజూ ఆమె ఆయుష్షులోంచే పోతుంది. ఆ రాత్రే బస్సులో తిరిగొచ్చి, మర్నాడు పొద్దున్నే మహబూబాబాద్ రైలెక్కాను.

రోగి ఇంటికి వెళ్లకూడదన్నది నేను పెట్టుకున్న నియమం. డాక్టరమ్మ ఒక ఇంటి ముందు ఆటో దిగితే, సాయంత్రానికల్లా ఆ వాడంతా ఆ ఇంటికి ఒక రోగం అంటగడుతుంది. ఫోన్ చేస్తే, ఆమె కురవి వీరభద్రస్వామి గుడి దగ్గరికి రమ్మంది. అక్కడ ఎవరు ఎవరితో కూర్చున్నా అడిగేవాళ్లుండరు. ఆడవాళ్ల స్నానాల గదిలో తలుపు గడియ పెట్టి, చీర కుచ్చిళ్లు కిందికి జరిపి చూపించింది.

కిరణాలు సరిగ్గా ఎక్కడ పడాలో గుర్తుండటానికి టెక్నీషియన్ ఒంటి మీద ఊదారంగు పెన్నుతో నలుచదరంగా గీతలు గీస్తాడు. వైద్యం అయ్యేదాకా అవి చెరగకూడదు. పుండ్లు సరిగ్గా ఆ గీతల మీదే ఉన్నాయి. గీత వెంబడి సూటిగా పోయి, మూల దగ్గర మలుపు తిరిగి, మళ్లీ సూటిగా పోయాయి. గీతల లోపల, కిరణాలు పడిన చర్మం కొంచెం నల్లబడిందంతే.

“ఏం పెట్టి రుద్దినవక్కా?”

“బీరపీచుతోని రుద్దిన. పోలే. ఇటుక ముక్కతోని రుద్దిన.”

“ఎందుకు?”

ఎప్పుడూ నన్ను మీరు అనే మనిషి, ఆ రోజు నా మొహంలోకి చూసి నువ్వు అంది. “ఎందుకో నువ్వే చెప్పు. నాతోని లైన్ల నిలబడి ఆ మందులు తీస్కునేటోళ్ళు నాకెరుకే. వాళ్ళ ఫైళ్ళ మీదనే చుక్క ఉన్నది, నా దాని మీద ఉన్నది. కడమోళ్ళకు లేదు. మొన్న సూసిన. గదే రంగుతోని నా కడుపు మీద గీసిండ్రు. ఆ రోగమున్నదని ముద్రేసిండ్రనుకున్న. ఆదివారం నా చెల్లె తానం పోస్తనన్నది. అది సూసి అడిగితే నేనేం చెప్పాలె?”

నాకు సిగ్గేసింది. ఇప్పుడు రాస్తుంటే కూడా వేస్తోంది.

“గా గీతలు అందరికి గీస్తరక్కా. మంత్రి పెండ్లాం వచ్చినా గట్లనే గీస్తరు. రంగు ఒక్కటే అయ్యింది, గంతే. చుక్క మాత్రం నేనే పెట్టిన. తప్పు నాది.”

“గా ముచ్చట ముందుగాల చెప్పాలె కద,” అంది. ఆమె కళ్లలో నీళ్లు లేవు. నేను ముక్కు తుడుచుకుంటుంటే విసుక్కుంది. “ఏడుపు తర్వాత ఏడుద్దువు. నాకు మల్ల కరెంటు పెడ్తరా, పెట్టరా? గది చెప్పు.” రేడియేషన్‌ను ఆమె కరెంటు అనేది.

పెడతారన్నాను. ఆమె ఒప్పుకున్నాక ఆ పుండ్లను ఫోటో తీసుకున్నాను.

మర్నాడు మా విభాగం మీటింగులో ఫోటో బల్ల మీద పెట్టాను. పెద్ద సారు దాన్ని పక్కకు జరిపి, “ఈ పేషెంట్లు తట్టుకోలేరమ్మా. నేను మొదటి నుంచీ చెప్తూనే ఉన్నాను. నీ పరిశోధనలో కూడా అదే రాసేసుకో,” అన్నారు.

కోపం వస్తే నా నోట్లోంచి జనగామ వస్తుంది. నా యాసకు ఆ గదిలో ఎందరు మూతులు బిగబట్టుకుని నవ్వారో నాకు తెలుసు. ఏళ్ల తరబడి దాచుకున్నాను. ఆ రోజు దాచుకోలేదు.

“కిరణాలు గీత పట్టుకొని నడుస్తయా సార్? మూలకాడ మలుపు తిరుగుతయా? గీ ఫోటో సూడుండ్రి. లోపల చర్మం మంచిగనే ఉన్నది. ఆమె గీతలను ఇటుకతోని రుద్దుకున్నది. మీరు ఒక్కసారి దగ్గరికి పోయి సూస్తే తెలుస్తుండె. గ్లౌజులు లేకుంటె నేనిస్తుంటి.”

ఆ రోజు ఎవరూ నవ్వలేదు. సారు ఫోటోను మళ్లీ దగ్గరికి లాక్కుని చాలాసేపు చూశారు. “సరే. ఎందుకు రుద్దుకుంది?” అని అడిగారు.

దానికి జవాబు చెబితే నా పరిశోధన ఆగిపోతుంది. రోగుల గుట్టు బయటపడే గుర్తును ఫైళ్ల మీద పెట్టడం, నాకు అనుమతి ఇచ్చిన కమిటీ దృష్టిలో చిన్న తప్పు కాదు. చెప్పకపోతే ఆమె ఫైలులో హెచ్ఐవీ వల్లే అన్న మాట అలాగే ఉండిపోతుంది, మిగిలిన రెండు వారాలు ఆమెకు అందవు. ఆ జవాబుతో నాకే ముప్పని సారు కూడా పసిగట్టారు. “ఆలోచించుకుని చెప్పు,” అన్నారు మెల్లగా.

ఆలోచించేందుకు ఏముంది? అక్కడే, అందరి ముందే చెప్పాను. బాపు బస్తాల దగ్గర నుంచి మొదలుపెట్టి ఆమె అడిగిన మాటల దాకా అంతా చెప్పాను. కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాను. ఈ పుండుకు కారణం హెచ్ఐవీ కాదు, రేడియేషన్ కాదు, నేను పెట్టిన చుక్క అని రాశాను. “ఇప్పుడు ఆపేదానికి ఇంకో కారణం ఉంటే చూపెట్టుండ్రి,” అన్నాను. ఆయన పెన్ను తీసి, తాను రాసింది కొట్టేశారు.

కమిటీ నా పరిశోధనను ఆపేసింది. ఆపాల్సిందే, నేను కాదనను. ఫైళ్ల అట్టలన్నీ నా చేత్తోనే మార్చాను. చుక్కలున్న పాత అట్టలు చింపుతుంటే వేళ్లు నొప్పెట్టాయి. అవి నొప్పెట్టాల్సిందే. మళ్లీ అనుమతి అడుగుతాను, ఇవ్వకపోతే మళ్లీ అడుగుతాను. తట్టుకోలేరన్న ఆ మాట అబద్ధమని తేలేదాకా నేనెక్కడికీ పోను.

పుండ్లు మానాక ఆమె వచ్చింది. పోయిన రోజులకు సరిపడా డోసు సర్ది, వైద్యం మళ్లీ మొదలుపెట్టారు. టెక్నీషియన్ కొత్తగా గీతలు గీస్తుంటే నేను పక్కనే నిలబడి ఒక్కొక్కటీ ఎందుకో చెప్పాను. చెప్పిందే మళ్లీ మళ్లీ చెప్పించుకుంది. టెక్నీషియన్‌కు విసుగొచ్చింది, ఆమెకు రాలేదు.

చివరి రోజు నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. తలుపు తెరుచుకుంది. “అయిపోయిందమ్మా. ఇగ ఆ గీతలు కడుక్కోవచ్చు,” అన్నాడు టెక్నీషియన్.

ఆమె చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ బయటికి వచ్చింది.

“ఉండనియ్యి,” అంది. “నా చెల్లెకు సూపెట్టేదున్నది.”