మేనత్త వదులుకున్న సంబంధం

మా అక్క ఆదిలక్ష్మమ్మను పూతలపట్టులో పొగరుబోతు అనేవాళ్ళు. తమ్ముడి కూతుర్ని కొడుక్కి వద్దన్న మనిషి అని ఆమె పోయినాక కూడా అన్నారు. అసలు సంగతి రాయమని అడిగింది ఆమె కొడుకు వెంకటముని. నా కూతురు తిరుమలమ్మ కూడా సరేనంది. నేను చెరకు కొట్టి బతికేవాణ్ణి, చిన్నప్పుడే బడి మానేశాను. తెలిసినట్టు రాస్తున్నాను.

అక్కను మా అమ్మ తన సొంత తమ్ముడు ఏకాంబరానికే ఇచ్చింది. మాలో అట్లా ఇవ్వడం మామూలే. అక్కకు ఆయన మొగుడూ, మేనమామా. నాకూ మామే. బెల్లం వండే చోట పెనం దగ్గర నిలబడి పాకం చూసేవాడు. మంచి పనివాడు. వెంకటముని పుట్టిన కొన్నాళ్ళకు మాటలు తగ్గించాడు. తర్వాత తనలో తాను నవ్వుకునేవాడు. ఒకరోజు పాకం మాడిపోతున్నా కదలకుండా నిలబడ్డాడు. పెనంలోంచి ఎవరో తనను తిడుతున్నారన్నాడు. చెరకు రసంలో విషం కలిపారని తిండి మానేశాడు.

బోయకొండ గంగమ్మ తీర్థం తాగించాం. వేపమండలతో కొట్టించాం. ఏమీ తగ్గలేదు. రెండో ప్రపంచయుద్ధం జరుగుతున్న రోజుల్లో, ఎవరో చెబితే, కాట్పాడిలో బండి మారి మదరాసులో పిచ్చి కుదిర్చే డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఆయన తెలుగాయనే. మామతో చాలాసేపు మాట్లాడాడు. మీ వంశంలో ఇంకెవరికైనా ఇట్లా ఉండిందా అని అడిగాడు. ఎవరికీ లేదని అక్క చెప్పింది.

ఆమె అబద్ధం చెప్పలేదు. మాకు వంశమంటే ఇంటిపేరు. మామ ఇంటిపేరు ఉన్నవాళ్ళలో ఎవరికీ పిచ్చి లేదు. మా అమ్మ ఆయన తోడబుట్టిందే అయినా, పెళ్ళయి మా నాయన ఇంటిపేరులోకి వచ్చేసింది. ఇక ఆమెను ఆ వంశంలో ఎవరు లెక్కపెడతారు? ముసలితనంలో అమ్మ గోడవైపు తిరిగి ఎవరితోనో గొడవపడేది. గంగమ్మ పూనిందని మేం పసుపునీళ్ళు పోసి దండం పెట్టేవాళ్ళం.

మరుసటిరోజు డాక్టరు మాటల్లో, ఈయన నీకు పెళ్ళికి ముందు తెలుసా అని అక్కను అడిగాడు.

"ఎందుకు తెల్దు సామీ? నన్ను సంకనేసుకుని తిప్పినోడే గదా. మా యమ్మ తమ్ముడు" అని నవ్వింది.

డాక్టరు నవ్వలేదు. కలం కింద పెట్టి మీ అమ్మ ఎట్లా ఉండేదని అడిగాడు. అక్క గోడ సంగతి చెప్పింది. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి మామవైపు తిరిగి చూసింది.

ఆయన ఆ జబ్బుకు స్కిజోఫ్రీనియా అని పేరు చెప్పాడు. గాలీ ధూళీ కాదు, మెదడుకు వచ్చే జబ్బేనన్నాడు. తల కోసి చూసినా పుండు కనబడదట. రక్తం తీసి చూసినా తేలదట. మనిషి మాట, నడత చూసి గుర్తుపట్టాల్సిందే. అమ్మ వైపు నుంచీ వస్తుంది, నాయన వైపు నుంచీ వస్తుంది, ఇంటిపేరుతో దానికి పనిలేదన్నాడు. అందరికీ రాదట. ఎవరికి వస్తుందో, ఎందుకు వస్తుందో పెద్ద డాక్టర్లకే పూర్తిగా తెలియదట. సూది మందుతో నిద్రపుచ్చే వైద్యం ఒకటుంది గానీ యుద్ధం వల్ల ఆ మందు దొరకడం లేదన్నాడు.

"నా కొడుక్కి వస్తాదా సామీ?" అని అక్క అడిగింది.

"రావచ్చు, రాకపోవచ్చు. పెరిగితేగానీ తెలియదు. వాడికి మాత్రం మళ్ళీ మీ రక్తంలోనే పెళ్ళి చెయ్యకండి."

మామను ఇంటికి తెచ్చుకున్నాం. కొట్టంలో ఒక మూల కూర్చుని, అక్క ముందుగా ఒక ముద్ద తిని చూపిస్తే తినేవాడు. రెండేళ్ళకు జ్వరం వచ్చి పోయాడు.

మదరాసు పోకముందే, మా తిరుమలమ్మ పుట్టిన రోజే, నువ్వు వెంకటముని పెళ్ళానివని అక్క దానికి వెండి మొలతాడు కట్టింది. పిల్లలకూ ఆ మాట తెలుసు. తిరుమలమ్మ పెద్దదయింది. ఏర్పేడు నుంచి ఒక సంబంధం వచ్చింది. మాలో మేనత్తకు పెళ్ళీడు కొడుకు ఉంటే, ఆమె నాకొద్దని పెద్దల ముందు తాంబూలం తీసుకుంటేగానీ పిల్లను బయట ఇవ్వకూడదు. నా భార్య వరలక్ష్మమ్మ, వదిన ఎట్లాగూ ఒప్పుకోదులే అని ధీమాగా తాంబూలం పళ్ళెం ముందు పెట్టింది. అక్క ఆకూ వక్కా తీసుకుని కొంగున కట్టుకుంది.

"కార్వేటినగరం రాజుగారి కూతురు పల్లకీలో వస్తాదేమో మీయక్క కొడుక్కి" అంది వరలక్ష్మమ్మ, అందరూ వినేట్టు. వెంకటముని వాకిట్లోంచి లేచి వెళ్ళిపోయాడు.

నేను చెరకు తోటలో అక్కను పట్టుకున్నాను. ఉన్న సంగతి చెప్పేస్తానన్నాను.

"సెప్పు. సెప్తే ఏమయితాది? తిరుమలమ్మ మాత్రం మాయమ్మ మనవరాలు గాదా? ఏర్పేడోళ్ళు రేపే ఎనక్కి పోతారు. నన్ను తిట్టుకోనీలే తమ్ముడా. తిట్లు నాతోనే పోతాయి."

తిరుమలమ్మ పెళ్ళిలో ఆడబిడ్డ ఇవ్వాల్సిన హారతి వరలక్ష్మమ్మ వేరేవాళ్ళ చేత ఇప్పించింది. అక్క పందిట్లో చివర కూర్చుని, భోజనం చేసి వెళ్ళింది.

ఆ తర్వాత వెంకటమునికి పెళ్ళి మాట ఎవరెత్తినా, జబ్బు రాదని తేలకుండా ఇంకో పిల్లను తెచ్చేందుకు భయపడి ఆమె ఏదో వంక చెప్పేది. వాడు గానుగ దగ్గర పనికి కుదిరాడు. ఒకరోజు నేను ఉండగానే, తిరుమలమ్మను ఎందుకు కాదన్నావమ్మా అని తల్లిని సూటిగా అడిగాడు. ఆ రోజు అక్క దాచలేదు. మదరాసు సంగతంతా చెప్పింది. వాడు నేలమీద వేలితో గీతలు గీస్తూ విన్నాడు.

"అయితే నువ్వు నన్ను అట్లా సూసేది అందుకేనామ్మా? నేను ఊరికే కూసున్నా తలుపుకాడ నిలబడేది, నిద్దట్లో పలవరిస్తే లేపి నా పేరడిగేది?"

అక్క తల ఊపింది.

"నా మీద నీకు ప్రేమ లేదనుకున్నా. నాలో నీకేదో నచ్చలేదు, అందుకే అట్లా సూస్తావని."

ఆమె వాడి చెయ్యి పట్టుకోబోయి ఆగింది. వాడే లేచి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఏమన్నా కనబడిందా నాలో అని మెల్లగా అడిగాడు.

"ఈరోజు దాకా లేదు నాయనా" అంది.

వాడు సరేనని లేచి గానుగకు వెళ్ళాడు. అక్క తలుపు దాకా వెళ్ళి, బయటికి చూడకుండా లోపలికి తిరిగి వచ్చి కూర్చుంది.