రెండో షెడ్డుకు వేసిన పొడి

అలివేలు దేన్నైనా ఓర్చుకునేది గాని, పంక్తిలో ఒకరికి వడ్డించి పక్కవాళ్ళను దాటిపోతే మాత్రం ఆమెకు ఒళ్ళు మండేది. చిన్నప్పుడు ఒక పెళ్ళిలో ఆమె ఆకు దాటించి అవతలి ఆకులో ఒబ్బట్టు వేశారు. ఆ ఒబ్బట్టును ఆమె ఎన్నడూ మరిచిపోలేదు.

అలాంటి మనిషికి 1998లో రెండు షెడ్ల కోళ్ళను అప్పగించారు. బెంగళూరు దగ్గర హొసకోటె అవతల పెద్దమునియప్ప కోళ్ళఫారం అది. మేత వేయడం, గుడ్లు ఏరడం ఆమె పని. ఫారం వెనక గదిలోనే కాపురం. ఆ ఏడు ఎండాకాలం చివర్లో వీరభద్రం అనే ఆయన అక్కడికి ఒక పొడి తెచ్చాడు. నేల ఉసిరి, మునగాకు, ఇంకా ఏవేవో ఆకులు ఎండబెట్టి దంచిన పొడి. పశువులకు వైద్యం చేసే తండ్రి దగ్గర నేర్చుకున్నాడట. మేతలో కలిపితే కోళ్ళకు రోగాలు రావనీ, గుడ్లు పెరుగుతాయనీ, పెంకు గట్టిపడుతుందనీ ఆయన నమ్మకం. పనిచేస్తుందని తేలితే కొంటామంది బెంగళూరులో మేత అమ్మే ఒక కంపెనీ. వాళ్ళ డాక్టరు వచ్చి అలివేలుకు రెండే ముక్కలు చెప్పాడు.

"ఈ పొట్లాలు మొదటి షెడ్డుకే. రెండోదానికి ఉత్త మేత."

ఎందుకో చెప్పలేదు. కూలిమనిషికి కారణాలెందుకు అనుకున్నాడు కాబోలు, మహానుభావుడు.

మొదటి రోజు ఆమె చెప్పినట్టే చేసింది. ఉత్త మేతతో రెండో షెడ్డులోకి అడుగుపెట్టగానే కోళ్ళన్నీ బోనుల్లోంచి మెడలు సాచాయి. మేత కోసం అవి రోజూ సాచేవే. అలివేలుకు మాత్రం ఆ పెళ్ళి గుర్తొచ్చింది. "మీరేం పాపం చేసినారే?" అంటూ మర్నాటి నుంచి ప్రతి పొట్లాన్నీ చెరిసగం చేసి రెండు షెడ్లకూ కలిపింది. అలా రెండు నెలలు కలిపింది. పుణ్యం చేస్తున్నాననే అనుకుంది పిచ్చిది.

చివరికి డాక్టరు వచ్చి గుడ్ల లెక్క రాసిన కాగితం చూసి చదివాడు. రెండు షెడ్లలోనూ గుడ్లు పెరిగాయి, ఒకేలా పెరిగాయి. "ఎండలు పోయి చల్లబడింది, అందుకే పెరిగాయి. పొడి తిన్నవాటికీ తినని వాటికీ తేడా ఏమీ లేదు" అని తేల్చేశాడు. అక్కడే ఉన్న వీరభద్రం మొహం చూసేసరికి, రెండో షెడ్డుకు ఉత్త మేత ఎందుకు వేయమన్నారో అలివేలుకు అర్థమైంది. ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ పక్కనే పెద్దమునియప్ప నిలబడి ఉన్నాడు. పనీ పోతుంది, గదీ పోతుంది. ఆమె తల వంచుకుని గుడ్లు సర్దుతూ ఉండిపోయింది. వీరభద్రం మిగిలిన పొట్లాలు సైకిలుకు కట్టుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత ఫారం అమ్మేసి లేఅవుట్ వేశారు. అలివేలు బొమ్మనహళ్ళిలో ఒక గార్మెంట్స్‌లో చేరింది. ఇంట్లో గుడ్డు పగలగొట్టినప్పుడల్లా ఆ సైకిలే కళ్ళముందు మెదిలేది. 2007లో వాళ్ళ గేటు దగ్గరికి కొత్త వాచ్‌మన్ వచ్చాడు. ఖాకీ చొక్కాలో వీరభద్రం! ఆయన ఆమెను గుర్తుపట్టలేదు. బట్టలు దొంగిలించుకుపోతారేమోనని సాయంత్రం అందరి సంచులూ వెతకడం ఆయన పని. ఆమె సంచీ వెతికి, "ఏమీ లేదులే, పో తల్లీ" అనేవాడు. రోజూ ఆ మాట విని విని అలివేలుకు అన్నం సహించడం మానేసింది.

ఒక శనివారం అందరినీ ముందు పోనిచ్చి చివర నిలబడింది.

"ఏమీ లేదులే, పో తల్లీ."

"ఉండాదన్నా" అంది. "పెద్దమునియప్ప ఫారంలో నీ పొడి రెండు షెడ్లకూ వేసింది నేనే. తెలీక వేసినా. తెలిసినంక కూడా నోరు మూసుకున్నా."



"రెండో షెడ్డు కోళ్ళు కూడా తిన్నాయా?"

"తిన్నాయన్నా. తొట్టి అడుగంటా పొడుచుకొని తిన్నాయి."

"మా నాయన నాకు అబద్ధం నేర్పించినాడనుకున్నా" అన్నాడు వీరభద్రం. "ఆయన రాసిచ్చిన పుస్తకం నీళ్ళపొయ్యిలో పెట్టేసినా తల్లీ. అందులో పద్నాలుగు ఆకులుండె. ఇప్పుడు తొమ్మిదే గ్యాపకం ఉండాయి."

అలివేలు కాళ్ళు పట్టుకోబోతే వెనక్కి జరిగాడు. ఒక్క మాటా తిట్టలేదు. తిట్టి ఉంటే ఆమెకు కాస్త ఊపిరాడేది.

సోమవారం సాయంత్రం ఆయన వరసలో అలివేలుకు ముందున్న మనిషి సంచి వెతికాడు, వెనకున్న మనిషి సంచి వెతికాడు. అలివేలును దాటిపోయాడు. మర్నాడూ అంతే, ఆ తర్వాతా అంతే. ఆమె మాత్రం రోజూ సంచి తెరిచి పట్టుకునే నిలబడేది.