కల్లూరు నుంచి భద్రాచలానికి, పస్తుతో

కల్లూరు నుంచి భద్రాచలం సైకిల్ మీద వెళ్లొచ్చా అని అడిగేవాళ్లున్నారు. వెళ్లొచ్చు. దారి మంచిదే. మేం ఇద్దరం బయల్దేరాం, చేరలేదు. ఎందుకు చేరలేదో దాచకుండా రాస్తే, మా తరవాత వెళ్లేవాళ్లకైనా పనికొస్తుంది.

ఎనభయ్యో దశకం మధ్యలో సంగతి. మా శేషగిరి బావకు, అంటే సుభద్రక్క పెనిమిటికి, నలభై దాటగానే షుగర్ బయటపడింది. ఖమ్మంలో డాక్టరు బిళ్లలు రాసి, రోజూ గంటసేపు నడవమన్నాడు. బావకు నడకంటే నామోషీ. "పొలం ఉన్నోడు పనీపాటా లేక రోడ్డంట తిరుగుతున్నాడనుకుంటారు" అని, కొట్టంలో మూలపడ్డ సైకిలు బయటికి తీయించాడు. నేను హైస్కూల్లో సైన్సు మాస్టర్ని. పొద్దున్నే ఆయనకు తోడు వెళ్లమని అక్క నాకు పురమాయించింది. అలా మొదలైంది మా సైకిలు చదువు.

మొదటి వారమంతా మోకాళ్ల నొప్పులు. సైకిల్ షాపతను మా ఇద్దరి సీట్లూ చూసి నవ్వాడు. "గింత కిందికి పెట్టుకొని తొక్కితే మోకాళ్లు నొయ్యక ఏం చేస్తయి సార్?" అని నాలుగువేళ్ల ఎత్తు లేపాడు. నొప్పి పోయింది. రెండో వారానికి తల్లాడ దాకా వెళ్లాం. అక్కడ హోటల్లో వేడివేడి మిరపకాయ బజ్జీలు దండిగా లాగించి, తిరుగుదారిలో ఇద్దరం కడుపులు పట్టుకొని చింతచెట్టు కింద కూలబడ్డాం. తిండి సంగతి నేర్చుకున్నది ఆ రోజే. బయల్దేరే ముందు పెరుగు కలిపిన సద్దన్నం, ఉల్లిపాయ. గంటకోసారి ఆగి గుప్పెడు పల్లీలో, సగం అరటిపండో. నీళ్లలో చిటికెడు ఉప్పు. దాహం వేయకముందే తాగాలి, ఆకలి కాకముందే తినాలి. ఆకలయ్యాక తినడమంటే ఇల్లు కాలుతుంటే బావి తవ్వడమే. ఈ పద్ధతిలో సత్తుపల్లి దాకా పోయి రావడం మాకు మంచినీళ్ల ప్రాయమైంది. మూడు నెలల్లో బావ ఒంట్లో షుగర్ కూడా దిగింది.

దిగితే భద్రాద్రి రాముడి దగ్గరికి సైకిల్ మీదే వస్తానని ఆయన మొక్కుకున్నాడట. వాళ్లింట్లో మొక్కంటే పస్తు. దర్శనం అయ్యేదాకా మంచినీళ్లు తప్ప ఏదీ నోట్లో పడకూడదు. వాళ్ల నాన్న అలాగే వెళ్లాడు, తాత అలాగే వెళ్లాడు. వాళ్లు ఎడ్లబండి మీద కూచుని వెళ్లారన్న సంగతి నాకు తట్టలేదు. తట్టినా అనేవాణ్ణి కాదేమో. పస్తుండి నూరు కిలోమీటర్ల పైన తొక్కామని స్టాఫ్ రూములో చెప్పుకోవాలని నాకూ ఉబలాటంగానే ఉంది.

బయల్దేరే ముందురోజు సాయంత్రం బావ ఒక్కటే అడిగాడు. "పొద్దుటి బిళ్ల ఏసుకోవచ్చంటావా? అదీ నోట్లో పడేదే కదరా?"

"మందుకు దోషం లేదు బావా. డాక్టరు మానొద్దన్నాడుగా, వేసుకో" అన్నాను.

ఆ ఇంట్లో సైన్సు చదివింది నేనొక్కణ్ణే. నా మాటకు తిరుగులేదు.

మాఘమాసం. పొద్దున అయిదుంబావుకు బయల్దేరాం. బావ నీళ్లతో బిళ్ల మింగాడు. అక్క పులిహోర, పల్లీ ఉండలు మూట కట్టి బావ క్యారియర్‌కు తాడుతో బిగించింది, దర్శనమయ్యాక గోదావరి ఒడ్డున తినమని. తల్లాడ చేరేసరికి ఆరున్నర. అక్కణ్ణుంచి ఏన్కూరు దారి. రోడ్డు పక్క మిరప కల్లాలు, ఎండబోసిన కాయల ఘాటుకు తుమ్ములే తుమ్ములు. ఎండ ముదరలేదు. బావ పాత పద్యాలేవో రాగం తీస్తూ నాకంటే ముందు పోతున్నాడు.

ఎనిమిదీ ముప్పావుకు జూలూరుపాడు. టీ కొట్టు దగ్గర ఆగి నీళ్లడిగాం.

"ఉత్త నీళ్లేంది? ఛాయ్ గిట్ల తాగుండ్రి" అన్నాడు కొట్టతను.

"దర్శనం కాలేదు" అన్నాడు బావ.

"సైకిల్ మీదనా? పస్తుతోటా?" అతను బల్ల తుడిచి మమ్మల్ని కూచోబెట్టాడు. లోపల్నుంచి వాళ్లావిడ వచ్చి, "అన్నా, నా బిడ్డ పేరు మీద గూడ ఒక్క దండం పెట్టుండ్రి" అంది. బావ ఆ పిల్ల పేరు రెండుసార్లు అడిగి గుర్తుపెట్టుకున్నాడు. ఇలాంటి మర్యాద జరిగాక మనిషి మధ్యలో మూట విప్పి తింటాడా? ఆయనే కాదు, నేనూ తినలేను.

కొత్తగూడెం చేరేటప్పటికి పదకొండు. నాకు కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. బావ మాట్లాడటం మానేశాడు. పాల్వంచలో పన్నెండుంబావుకు చేతిపంపు దగ్గర ఆగాం. చల్లటి గాలి వీస్తోంది. అయినా బావ చొక్కా పిండితే నీళ్లు కారేట్టుంది. సీసా పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. "కాసేపు పడుకుందాం బావా" అంటే గయ్యిమన్నాడు. "నీకు చేతకాకపోతే బస్సెక్కి పో! నన్నెందుకు ఆపుతావ్?" పదిహేనేళ్లలో ఆయన నామీద అరవడం అదే మొదలు. అలసటకు చిరాకనుకున్నాను. తినమని మాత్రం అడగలేదు. ఇంకెంత, రెండు మూడు గంటలు ఓర్చుకుంటే గోదావరి అనుకున్నాను.

పాల్వంచ దాటితే అడవి. రెండువైపులా టేకు, మధ్యమధ్య వెదురు. ఒంటిగంట ప్రాంతంలో బావ సైకిలు తాగినవాడి సైకిల్లా రోడ్డుకు అటూ ఇటూ పోవడం మొదలుపెట్టింది. పిలిస్తే పలకలేదు. నిదానంగా పక్కకు వాలి కంకర మీద పడిపోయాడు. పరుగెత్తాను. కళ్లు తెరిచే ఉన్నాయి, నన్ను చూడటం లేదు. పళ్లు గిట్టకరుచుకున్నాయి, కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి. మూర్ఛ అనుకొని మా ఊళ్లో అందరూ చేసేదే చేశాను. తాళంచెవుల గుత్తి తీసి ఆయన గుప్పిట్లో పెట్టాను. మొహాన నీళ్లు చల్లాను. రామా రామా అంటూ కూచున్నాను.

కట్టెల మోపుతో ఒక కోయ ముసలమ్మ అడవిలోంచి రోడ్డెక్కింది. మోపు దించి బావ పొట్ట మీద చెయ్యి వేసి చూసింది.

"తిన్నాడా?" అంది.

"లేదు. మొక్కు."

"ఆకలయ్యా. ఆకలికి పడ్డాడు." అని పక్కనే ఉన్న గుడిసెకు పోయి, సత్తుగిన్నెలో నీళ్లు తెచ్చింది. అందులో బెల్లం నలిపి కలిపింది. నల్లటి బెల్లం. వేలు ముంచి బావ పెదవికి రాయబోయింది.

నేను ఆమె చెయ్యి పట్టుకొని తోసేశాను. "షుగర్ ఉందమ్మా ఆయనకి! బెల్లం పోస్తే చస్తాడు!"

ఆమెకు షుగరంటే ఏమిటో తెలియలేదు. గిన్నె పట్టుకొని నా మొహం వంక, బావ మొహం వంక చూసింది. "జర తాపయ్యా" అని ఇంకోసారి అంది. నేను మళ్లీ వద్దన్నాను. మనిషి ఒంట్లో బలమంతా చక్కెరేనని, అది అందకపోతే మెదడు పనిచేయదని ఏటేటా ఏడో తరగతికి బోర్డు మీద బొమ్మవేసి చెప్పే మాస్టర్ని నేనే. బిళ్ల ఆ ఉన్న చక్కెరను కూడా తినేస్తుందన్న లెక్క నాకు తట్టలేదు. షుగర్ రోగికి తీపి విషం అన్న ఒక్కమాట నా బుర్రను మూసేసింది. క్యారియర్ మీద పులిహోర ఉంది, పల్లీ ఉండలున్నాయి, ఎదురుగా బెల్లం నీళ్లున్నాయి. బావ వాటి మధ్య ముప్పావుగంట అలా పడి ఉన్నాడు.

వెదురు దించి ఖాళీగా వస్తున్న లారీ ఆగింది. డ్రైవరు దిగి, "ఏమైంది సారూ? జల్దీ ఎక్కించుండ్రి" అని తానే బావను ఎత్తుకున్నాడు. సైకిళ్లు కూడా ఎక్కించాం. లారీ కదులుతుంటే ముసలమ్మ గిన్నెతో అక్కడే నిలబడి ఉంది. ఆమె పేరు నేను అడగలేదు.

పాల్వంచలో ఒక చిన్న దవాఖానా. మెడలో శిలువ ఉన్న పెద్దవయసు నర్సు బావ కనురెప్పలు ఎత్తి చూసి, "షుగర్ బిళ్ల ఏసుకున్నడా? ఏం తిన్నడు?" అంది. చెప్పాను. ఆమె గ్లూకోజు సీసా తగిలిస్తూనే అడిగింది, "తీపి ఏమన్న తాపిన్రా?"

"షుగర్ పేషెంటు కదమ్మా..."

"గదే తాపాల్సుండె సారూ" అంది. తిట్టినా బాగుండేది.

బావ మర్నాడు మధ్యాహ్నానికి గానీ కళ్లు తెరవలేదు. నన్ను గుర్తుపట్టాడు. అక్క పేరు చెప్పాడు. రాముడి దయ అనుకొని ఏడ్చాను. సాయంత్రానికి అసలు సంగతి తెలిసింది. చెప్పిన మాట ఆయన దగ్గర పది నిమిషాలు నిలవడం లేదు. డాక్టరు నన్ను బయటికి పిలిచి, "చాలాసేపు మెదడుకు చక్కెర అందలేదు. దెబ్బతింది. కొంత తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు. మూడు గంటలకోసారి తిండి మాత్రం తప్పొద్దు" అన్నాడు.

తిండి దగ్గరే వచ్చింది చిక్కు. కంచం పెడితే బావ చెయ్యి వెనక్కి తీసుకునేవాడు. "దర్శనం అయిందా?" లేదు బావా అని నేను నిజం చెప్పాను. "అయితే ఎట్టా తింటానురా?" అని కంచం తోసేశాడు. ఎన్ని విధాల బతిమాలినా వినలేదు. మళ్లీ సీసా ఎక్కించాల్సి వచ్చింది. అక్కకు మాత్రం, "బావకు కాస్త నీరసం, నాలుగు రోజుల్లో వస్తాం" అని కల్లూరు వెళ్లే ఒక కండక్టరుతో కబురంపాను. అంతకంటే చెప్పే ధైర్యం నాకు లేదు.

అయిదో రోజు పదకొండింటికి బస్సెక్కాం. కొత్తగూడెంలో బస్సు మారాలి. రెండు సైకిళ్లు టాపు మీదికి ఎక్కించి లగేజీ టికెట్టు తీసుకున్నాను. బస్టాండులో ఇడ్లీ పొట్లం విప్పితే మళ్లీ అదే ప్రశ్న.

"అయింది బావా" అన్నాను.

"ఎప్పుడు?"

"నిన్న సాయంత్రం."

"మరి నాకు గుర్తులేదేంట్రా?"

"జనం తోసుకుంటుంటే నువ్వు కళ్లు మూసుకొని దండం పెట్టుకున్నావు."

ఆయన పొట్లం ముందుకు లాక్కున్నాడు. తృప్తిగా నాలుగు ఇడ్లీలు తిన్నాడు. జూలూరుపాడు దాటాక అరటిపండు ఇస్తే మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాను. కొత్తగూడెం నుంచీ పక్కసీట్లో ఉన్న ఒక ఆడమనిషి రెండోసారీ విని, "ఏమైందన్నా అయ్యకు?" అని మెల్లగా అడిగింది. "పస్తున్నాడమ్మా" అని కిటికీ వైపు తిరిగాను. మేం తొక్కుకుంటూ వెళ్లిన దారంతా వెనక్కి పోతోంది. దారిలో తప్పు లేదు, సైకిళ్లలో తప్పు లేదు. వెళ్లేవాళ్లు వెళ్లండి. మొక్కుంటే ఇంటి దగ్గర తీర్చుకోండి. బిళ్ల వేసుకునేవాడు తినకుండా సైకిలెక్కకూడదు. వాడు తూలితే ముందు నోట్లో బెల్లం పెట్టండి, తెలివితేటలు తరవాత చూపించవచ్చు.

నాలుగింటికి కల్లూరు. బస్సు ఆగబోతుంటే బావ మళ్లీ అడిగాడు, మళ్లీ అదే చెప్పాను. అక్క పొద్దుట్నుంచీ బస్టాండులోనే కాచుకొని ఉంది. బావ దిగుతూనే, "దర్శనం బాగా అయిందే. జనం బాగా ఉన్నారు" అన్నాడు. అక్క ఆయన్ను ఎగాదిగా చూసి, "చిక్కిపోయారు గానీ మొక్కు తీరింది, అదే పదివేలు" అని నాకు రెండు చేతులెత్తి దండం పెట్టింది. "నీ పుణ్యమేరా తమ్ముడూ" అంది. నేను సైకిళ్లు దించడానికి బస్సు టాపెక్కాను.

ఇంటికి వెళ్లగానే విస్తరేసి, వేడన్నంలో ముద్దపప్పు, నెయ్యి వడ్డించింది. బావ విస్తరి ముందు కూచుని, చెయ్యి కడుక్కొని, అన్నం దాకా తీసుకెళ్లిన చేతిని ఆపాడు.

"ఉండవే. దర్శనం కాకుండా ఎట్టా తింటాను?"

అక్క నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయింది. నావంక తిరిగింది. నేను ఆమె కళ్లలోకి చూడలేక బావ పక్కన కూచున్నాను.

"అయింది బావా, తిను" అన్నాను.

"అయిందా?" అని ఆయన ముద్ద కలుపుకున్నాడు. అక్క గరిటె పట్టుకొని అలాగే నిలబడింది.