నాయన కాళ్ళకు బలం

తొంభైలలో నాయన ధర్మవరంలో మగ్గం మానేసి, హిందూపురంలో నా దగ్గరికి వచ్చేశాడు. ఇరవై ఏళ్ళు బాగానే గడిచాయి. తర్వాత మతి తప్పడం మొదలైంది. కానీ మతికంటే ముందు నన్ను భయపెట్టినవి ఆయన కాళ్ళు. ఒకే నెలలో మూడుసార్లు పడ్డాడు. తుంటి విరిగితే ఇక మంచం దిగడన్నాడు బెంగళూరు డాక్టరు. దారీ ఆయనే చూపించాడు. వారానికి మూడు రోజులు కంప్యూటర్లో వ్యాయామం క్లాసు. ఇలాంటి పెద్దవాళ్ళూ, వాళ్ళను చూసుకునేవాళ్ళూ ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చుని, అందరూ కలిసి చేయాలి.

ఇంట్లోనే ట్యూషన్లు చెప్పుకునే నాకు కంప్యూటరూ నెట్టూ అప్పటికే ఉన్నాయి. తెరమీద ఆరిళ్ళు కనిపించేవి. ఆరుగురు ముసలివాళ్ళు, వాళ్ళ పక్కన నాలాగే నిద్రలేని ఆరు ముఖాలు. క్లాసు చెప్పే బెంగళూరు మేడం కాళ్ళు ఎత్తమనేది. అందరూ ఎత్తేవాళ్ళు. నాయన మాత్రం బండరాయిలా కూర్చునేవాడు.

నాకు ఓర్పు తక్కువ. మూడో వారం విసుగెత్తి అరిచాను. "మగ్గం మీద పెండ్లి చీర సగంలో ఉండాది నాయనా! గురువారానికి ఇచ్చేయాల. తొక్కు!"

అంతే. మగ్గం తొక్కుతున్నట్టు కాళ్ళు ఒకటి మార్చి ఒకటి లేచాయి. అడ్డపోగు నడిపే నాడె చేతిలో ఉన్నట్టే కుడిచెయ్యి విసిరితే ఎడమచెయ్యి పట్టుకుంది. మేడం చప్పట్లు కొట్టింది. పెండ్లి చీర చెప్పిన రోజుకు ఇయ్యకపోతే నాయనకు ముద్ద దిగేది కాదు. అది తెలిసే ఆ మాట అన్నాను. ఇక ప్రతి క్లాసుకూ అదే మంత్రం.

రెండు నెలల్లో ఆయన పడటం మానేశాడు. కుర్చీ చేతులు పట్టుకోకుండానే లేచేవాడు. నేను మురిసిపోయాను. కొరివితో తల గోక్కుంటున్నానని నాకేం తెలుసు!

ఒకరోజు తెరమీద అయిదిళ్ళే ఉన్నాయి. ఆరో ఇల్లు ఇక రాదంది మేడం. ఎందుకని ఎవరమూ అడగలేదు. ఆ వారమే నాయన క్లాసు కాగానే లేచి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"మగ్గం యాడుండాదమ్మా?"

నవ్వేసి కూర్చోబెట్టాను. మరునాడు గేటు దాకా పోయాడు. ఆ తర్వాత వీధి చివరిదాకా. గడియ వేశాను. గడియ తీయడం నేర్చుకున్నాడు. ఆయన నడిచినంతసేపూ నేను వెనకాలే తిరిగేదాన్ని.

ఒక గురువారం పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది. స్టేషనూ, బస్టాండూ, పట్టుగూళ్ళ మార్కెట్టూ గాలించాను. మధ్యాహ్నం ఫోను మోగింది. ఆయన జేబులో నేను నంబరు రాసి పెట్టిన చీటీ చూసి, పెనుకొండ నుంచి ఒక గ్యాంగ్‌మన్ చేశాడు.

"ఏమ్మా, ఈడ ఒక ముసలాయప్ప రైల్లో వచ్చి దిగినట్టుండాడు, పట్టాల మధ్యన నడుస్తాండాడు. రైలు కూత పెడతాండినా తొలగలే. చెయ్యి పట్టి లాగితిమి. ధర్మవరం పోవాలంట, చీర ఇయ్యాలంట."

తెచ్చుకున్నాను. దారంతా నాయన నా చెయ్యి విదిలించుకుంటూనే ఉన్నాడు. చీర ఇయ్యనీలేదని కోపం.

ఆ రోజు నుంచి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టలేదు. మేడం ఫోను చేస్తే నెట్ రావడం లేదని చెప్పాను. డాక్టరును అడగలేదు. అడిగితే మళ్ళీ మొదలుపెట్టమంటాడని భయం. తలుపుకు తాళం వేసి, నాయనను లేచి నడవనీయకుండా కుర్చీ నుంచి మంచానికీ, మంచం నుంచి కుర్చీకీ నేనే మార్చేదాన్ని. అయిదు నెలలకు పిక్కలు కరిగిపోయాయి. ఒక ఉదయం లేవబోయి లేవలేకపోయాడు. నిజం చెబుతున్నాను, ఆ రోజు నేను తలుపు తెరిచిపెట్టి పగలంతా హాయిగా నిద్రపోయాను.

సాయంత్రం అన్నం పెడుతుంటే, చాలాకాలానికి నన్ను గుర్తుపట్టినట్టు సూటిగా చూశాడు.

"నా కాళ్ళు ఏమైనాయమ్మా?"

"వయసైపోయింది గదా నాయనా," అన్నాను. నమ్మి, నోరు తెరిచాడు. ముద్ద పెట్టాను.