తంపర గట్టు మీది చింతచెట్లు

నా పంతొమ్మిదో ఏట మావారు టైఫాయిడ్‌తో పోయారు. పలాసలో ఒక వ్యాపారి దగ్గర గుమాస్తాగా ఉండేవారు. కర్మకాండలు అయ్యాక నాన్నగారు వచ్చి నన్ను టెక్కలి తీసుకొచ్చేశారు. ఆయన హైస్కూల్లో తెలుగు పండితులు. యాభైల మొదట్లో మాట ఇది.

మా వీధిలో ఎవరు మంచి పనికి బయల్దేరినా ముందు మా అరుగు వైపు చూసేవారు. నేనక్కడ ఉంటే వెనక్కి వెళ్లి, కాళ్లు కడుక్కుని, కాసేపు కూర్చుని మళ్లీ బయల్దేరేవారు. అమ్మ నన్ను పెరటి గదిలోకి మార్చింది. "నీ మంచికేనే" అంది. తను కూడా ఏడ్చింది. నేను ఆ గదిలో తింటూ, పడుకుంటూ, గోడ చూస్తూ ఒక వర్షాకాలం గడిపాను.

ఒక ఆదివారం తెల్లవారుతుండగా నాన్నగారు గది తలుపు కొట్టారు. "లే. చెప్పులేసుకో. పక్షుల్ని చూసొద్దాం."

అమ్మ వాకిట్లోకి వచ్చింది. "పక్షులేవిటండీ? దాన్ని వెంటబెట్టుకుని ఊళ్లు తిరుగుతారా? శకునం చూసుకునేవాళ్లు దార్లో ఎదురైతే?"

"సంస్కృతంలో శకునం అంటే పక్షేనే పిచ్చిదానా" అన్నారు నాన్నగారు. "అసలు శకునాలనే చూడ్డానికి వెళ్తున్నాం."

పర్లాకిమిడి నుంచి వచ్చే చిన్న రైలెక్కి నౌపడలో దిగాం. అక్కడి నుంచి ఉప్పు మడుల పక్కగా నడక. ఆ మడులు దాటితే తంపర మొదలవుతుంది. కనుచూపు మేర మోకాలిలోతు నీళ్లు, మధ్య మధ్య తుంగ, నీళ్ల మీద పల్చటి పొగమంచు. నాన్నగారి దగ్గర యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయి ఒకడు అమ్మేసిన దుర్భిణి ఉండేది. ఒక కంటి అద్దం బీటలు వారింది. రెండో కంటితో చూడాలి.

తంపర గట్టు మీద ఒక పల్లె. పల్లె చివర ఒక తాటాకు ఇల్లు, దాని చుట్టూ ముసలి చింతచెట్లు. ఆ చెట్ల మీద ఆకులకన్నా పక్షులే ఎక్కువ కనిపించాయి. ముక్కు కింద సంచి వేలాడే గూడబాతులు, రెక్కల చివర గులాబీ రంగు పూసుకున్న పెద్ద కొంగలు. రెట్టల వాసనకి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. నాన్నగారిని ముందే ఎరిగిన ఆ ఇంటామె మమ్మల్ని చూసి చీపురు పక్కన పడేసి వచ్చింది.

"కూకోండి పంతులుబాబూ. పాప మీ అమ్మాయా?" అని, నా బోసి నుదురు ఒక్కసారి చూసి, ఇంకేమీ అడగలేదు. మేం వాళ్లింట నీళ్లు తాగమని ఆమెకు తెలుసు. భర్తను కేకేసి కొబ్బరి బొండాలు కొట్టించింది.

మా వైపు అక్కను పిలిచినట్టు ఆమెను నేను అప్పా అని పిలవడం మొదలుపెట్టాను. వాళ్లకి పిల్లల్లేరు. భర్త మాట తక్కువ మనిషి. దీపావళికి తన వాకిట్లోనే కాదు, ఆ వీధిలోనే టపాకాయ పేలనిచ్చేవాడు కాడట. ఎందుకని అడిగితే చెట్ల మీదికి చూపించి, "ఆడపిల్లలు పురుటికొచ్చినారు గదమ్మా" అన్నాడు, అంతకన్నా చెప్పడానికి ఏముందన్నట్టు.

ఆ ఏడూ, మరుసటి ఏడూ చలికాలమంతా వీలైన ఆదివారమల్లా వెళ్లాం. గట్టు మీద నడిచేవాళ్లం. నాన్నగారు ముందు, నేను వెనక. తల్లి గొంతులోకి తల దూర్చి చేపలు తినే పిల్లల్ని చూస్తూ ఒక రోజు నేను నవ్వాను. నాన్నగారు దుర్భిణి దించి నా వైపు చూసి, వెంటనే మొహం తిప్పేసుకున్నారు.

మూడో ఏడు కార్తీకం చివర తుఫాను వచ్చింది. టెక్కలిలోనే మా పెరటి గోడ కూలింది. చిన్న రైలు ఆగిపోయింది. గాలి తగ్గాక నాన్నగారు, నేను పట్టాల వెంబడి నడిచి వెళ్లాం. అమ్మ వద్దనలేదు.

దూరం నుంచే తేడా తెలిసింది. ఆకాశం కింద చెట్లు ఉండవలసినచోట ఖాళీ ఉంది. దగ్గరికెళితే కాలు పెట్టే చోటు లేదు. తడిసి ముద్దయిన పక్షులు, పగిలిన గుడ్లు, ఒంటి మీద ఈకైనా రాని పిల్లలు. ఇంటిని ఆనుకుని ఉన్న చింతచెట్టు వేళ్లతో సహా లేచి ఇంటి మీద పడింది.

అప్ప భర్త ఆ చెట్టు కిందే పోయాడు. మధ్యాహ్నం గాలి ముదురుతుంటే, కింద పడ్డ పిల్లల్ని గంపలోకి ఎత్తుదామని బయటికి వెళ్లాడట. ఆమె లోపలికి రమ్మని అరుస్తూనే ఉందట. మేం వెళ్లేసరికే దహనం అయిపోయింది. దానికి ఆ చింతమానే కొట్టారట. పచ్చి కట్టె, పైగా వానలో నానినది, అంటుకోలేదు. చివరికి ఇంటి దూలాలు తీసి కాల్చారు.

అప్ప పడిపోయిన గోడ పక్కన గంప ముందు కూర్చుని ఉంది. గంపలో ఇంకా ఊపిరి ఉన్న పిల్లలు కొన్ని. చిన్న చేపలు నలిపి వాటి నోట్లో పెడుతోంది. అవి మింగడం లేదు.

"సూడు పాపా, తినవు" అంది. "తల్లి గొంతులోంచి తినీవి, నా సేతిలోది ఏటి తింటాయి?"

నేను పక్కన కూర్చున్నాను. ఆమె ముంతతో నీళ్లిస్తే తాగాను. నాన్నగారు చూశారు.

ఊరి మగవాళ్లు అప్పటికే మిగిలిన చెట్లు కొట్టేయాలని అనుకుంటున్నారు. గూళ్ల బరువుకి, రెట్టల వేడికి చెట్లు గుల్లబారాయన్నది వాళ్ల మాట. నాన్నగారు లేచి, ఇన్ని తరాలుగా కాపాడిన పక్షుల్ని ఇప్పుడు వెళ్లగొడతారా అని మొదలుపెట్టారు.

వాళ్లలో ఒకతను చేతులు కట్టుకునే చెప్పాడు. "మీరు ఆదోరం నాడు వొచ్చి, సూసి ఎల్లిపోతారు పంతులుబాబూ. మేం ఈ సెట్ల కిందే పడుకోవాల."

పద్యం ఎత్తుకుంటే తరగతి మొత్తాన్ని కూర్చోబెట్టగల మనిషి, ఆ రోజు చేతిలో దుర్భిణి ఎక్కడ దాచుకోవాలో తెలియనట్టు నిలబడ్డారు.

మేం వచ్చేసేటప్పుడు అప్ప తంపర రేవుకి నీళ్లకి బయల్దేరింది. ఎదురుగా వల భుజానేసుకుని వస్తున్న ఒకతను ఆమెను చూసి పక్క డొంకలోకి తిరిగిపోయాడు. ఆమె కుండ దించి, నా వైపు చూసింది. "నీకూ ఇంతేనా పాపా?" అని అడిగింది. తలూపాను. ఆమె మళ్లీ కుండ ఎత్తుకుంది.

గంపలోని పిల్లలన్నీ చచ్చిపోయాయని తరువాత తెలిసింది. వేసవిలో చెట్లు కొట్టేశారు. మరుసటి చలికాలం మేం వెళ్లినప్పుడు గట్టు మీద మొద్దులే ఉన్నాయి. పక్షులు వచ్చాయి. చాలాసేపు ఆ మొద్దుల మీదుగా గుండ్రంగా తిరిగాయి. కొన్ని తాటిచెట్ల మీద వాలబోయి జారాయి. సాయంత్రానికి అన్నీ కట్టకట్టుకుని ఉత్తరానికి ఎగిరిపోయాయి. అప్ప ఇల్లు ఉన్నచోట ఎవరో గొడ్డును కట్టేశారు. ఆమె పలాస వైపు ఉద్దానంలో తమ్ముడి దగ్గరికి వెళ్లిందని చెప్పారు. నాన్నగారు ఆ తరువాత ఎప్పుడూ తంపరకు వెళ్లలేదు. వెళ్దామని నేను ఒకటి రెండుసార్లు అడిగాను. "కాళ్లు నొప్పులమ్మా" అన్నారు. నా చేత మెట్రిక్ కట్టించి, టీచర్ ట్రైనింగుకి పంపారు. అమ్మతో అందుకోసం పోట్లాడారు.

ట్రైనింగ్ ముగించుకుని వస్తూ పలాస స్టేషన్లో బండి కోసం కూర్చున్నాను. ప్లాట్‌ఫారం మీద జీడిగింజలు కాల్చే బట్టీల్లో పనిచేసే ఆడవాళ్ల గుంపు. అందులో ఒకామె నన్నే చూస్తోంది. దగ్గరికి వచ్చేదాకా పోల్చుకోలేకపోయాను. అంతగా చిక్కిపోయింది.

"పంతులుబాబు బాగున్నారా?" అంది.

"బాగున్నారప్పా. నాకు ఉద్యోగం రాబోతోంది."

"ఎల్లు. ఎల్లు పాపా. ఇంట్లో మాత్రం కూకోకు" అంది. చెయ్యి పట్టుకోబోయి తనే వెనక్కి లాక్కుంది. జీడిసొన అంటి ఆమె వేళ్లు నల్లగా మాడి, తోలు ఊడి ఉన్నాయి. "నీ బట్టకి అంటుకుంటాది. పోదు."

నేనే ఆ చెయ్యి పట్టుకున్నాను. మరక నిజంగానే చాలా రోజులు పోలేదు.